నీళ్ళు మార్చే వేళ

అలెగ్జాండ్రియాలో పడవలకి మాట్లు వేసే ఒడ్డు పక్కన
పదకొండు బల్లల కాఫీ కొట్టు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడ
నిప్పు నాది, పొగ వాళ్ళది.
పేరు బయూమీ. పిలుపు మాత్రం "నిప్పూ!"
అది వినబడితే పటకారు పట్టుకుని వెళతాను.

మొన్న గురువారం ఒక పిల్ల వచ్చింది, ఈనాస్ అట,
వైద్యం చదువుతోంది.
చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు.
ఏది ఎంత చెరుపో
ఒకటి నుంచి పది దాకా అంకె వేయాలట.

ట్రాము నడిపి రిటైరైన ఖమీస్
షీషా గొట్టం నోట్లోంచి తీయకుండానే రెండన్నాడు.
"నీళ్ళలో మునిగొచ్చే పొగమ్మా ఇది.
స్నానం చేసిన మనిషికీ చేయని మనిషికీ తేడా లేదూ?"
సిగరెట్టుకి తొమ్మిది వేయించాడు.

మందుల షాపు వగ్దీ సన్న సిగరెట్టు దులిపాడు.
"వాళ్ళు గంటసేపు పీలుస్తారు, నాది నాలుగు నిమిషాలు."
షీషాకి తొమ్మిది, తనదానికి మూడు.
రెండెందుకు కాదంటే
నిజాయితీ ఉండాలి కదా అన్నాడు.

కుర్రాడు హాజెం జేబులోంచి పెన్నులాంటిది తీశాడు.
"ఇది పొగే కాదు, ఆవిరి.
మా అమ్మ గిన్నె మూత తీసినా ఇదే వస్తుంది."
మామిడిపండు వాసన కొట్టింది.
వాళ్ళమ్మ వంట నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

కిటికీ దగ్గర ఇద్దరాడపిల్లలు, ఒకే గొట్టం.
"ఆపిల్ పండుకి కూడా అంకె వేస్తారా?" అని
ఒకటే నవ్వు.

దర్జీ గిర్గిస్ అంకె వేయలేదు.
తండ్రి తొంభై దాటినా తాగాడని చెప్పాడు,
రెండుసార్లు చెప్పాడు.
తమ్ముడి సంగతి ఎత్తలేదు.
ఆ శవపేటికకి ఒక మూల పట్టింది నేనే.
ఎంత తేలిగ్గా ఉందో భుజానికి ఇంకా గుర్తు.

పిల్ల కాగితాలు తిరగేసి ఆశ్చర్యపోయింది.
"ఎవరిది వాళ్ళకి అన్నిటికంటే తక్కువ చెరుపు, చూశావా మామా?"
ఏ చేపలమ్మి తన బుట్టలోది నిన్నటి చేపంటుందమ్మా, అన్నాను.

"మరి నువ్వేం తాగుతావు?"
ఏమీ తాగను.
పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది.
"అయితే అయిపోయింది మామా,
మిగతా ప్రశ్నలన్నీ తాగేవాళ్ళకి."
సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది నాకు.
మంచి పిల్ల. తగ్గేదాకా నిలబడి
నీళ్ళిచ్చి వెళ్ళింది.

రాత్రి ఒంటిగంటకి సీసాలు కడుగుతాను.
ఖమీస్ సీసా వంచితే
మూడుసార్లు కాచిన టీ రంగు, కుళ్ళిన వాసన.
తూము దగ్గర పడుకున్న పిల్లి లేచిపోతుంది.
ఒకసారి ఆయనకి చూపించాను.
చూసి మురిసిపోయాడు:
"అదిగో, మురికంతా అక్కడే ఆగిపోయింది!"
ఆగినదే ఇంతుంటే
ఆగనిదెంతో, అనబోయాను.
అప్పటికే ఎవరో నిప్పూ అన్నారు.

ఇంటికెళితే మనవరాలు చొక్కాలో ముక్కు పెట్టి
"తాతా, పళ్ళు తెచ్చావా?" అంటుంది.
రోజూ అంటుంది. రోజూ చేతులు వెతుకుతుంది.
ఈమధ్య స్నానం చేశాకే దాన్ని ఎత్తుకుంటున్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు,
అడిగితే ఏ అంకె చెప్పాలో తెలీదు.

ఆ పిల్ల ఒక కాగితం బల్ల మీద మర్చిపోయింది.
పొద్దున బొగ్గుల కింద పెట్టి వెలిగించాను.
గళ్ళన్నీ గబగబా ముడుచుకుపోయాయి.
టీ ఒలికి తడిసిన మూల ఒక్కటి మాత్రం
కాసేపు అంటుకోలేదు.
అక్కడ ఏదో రాసుంది.
నాకు చదవడం రాదు.
ఊదాను.